చుక్కకు ఎంత?

గోధుమరంగు గాజు సీసా, పది మిల్లీలీటర్లు. రబ్బరు బుడ్డి ఉన్న డ్రాపర్. అట్టపెట్టె మీద ఆకు బొమ్మ, కింద ‘విజయ’ అని పేరు, ఆ పక్కన చిన్న అక్షరాల్లో ‘ఆయుర్వేద ఔషధం’. గంజాయి మొక్క సారమంతా ఇందులో ఉంటుంది. దీన్ని అమ్మేవాళ్లు ‘ఫుల్ స్పెక్ట్రమ్’ అంటారు, డాక్టర్లు ‘హోల్ ప్లాంట్ ఎక్స్‌ట్రాక్ట్’ అంటారు. మన ముంబయి చాళ్లలో మాత్రం ‘ఆ నూనె’ అంటే చాలు, అర్థమైపోతుంది.

వర్లీ బీడీడీ చాళ్లలోనో, కామాఠిపుర గల్లీల్లోనో ఇలాంటి సీసా కోసం వాకబు చేసేవాళ్లు మత్తు వెతుక్కునే కుర్రాళ్లు కారు. మగ్గాల ముందు నిలబడి నిలబడి మోకాళ్లు అరగదీసుకున్న మిల్లు తాతలు, రాత్రంతా కళ్లు మూతపడని నాయనమ్మలు, పరేల్‌లోని టాటా ఆస్పత్రిలో చూపించుకుందామని కరీంనగర్ నుంచో నిజామాబాద్ నుంచో వచ్చి బంధువుల ఒంటిగది ఖోలీలో దిగిన క్యాన్సర్ రోగులు. ఫోన్లో ఆర్డరు పెట్టేది ఇంట్లో చదువుకున్న మనవడు. ‘ఆకు పసరే కదా పెద్దమ్మా, ఏమైతది’ అని ధైర్యం చెప్పేదీ అతనే.

ఏమైతదన్నది ఆకును బట్టి ఉండదు. ఒక్కో చుక్కలో ఏ పదార్థం ఎన్ని మిల్లీగ్రాములుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ అంకె తెలియకుండా కొన్న సీసా నా లెక్కలో మందు కాదు, జూదం. ఇది గంజాయి మంచిదా చెడ్డదా అనే పంచాయితీ కాదు. ఆ పంచాయితీ ఈ దేశంలో నూట ముప్ఫై ఏళ్ల కిందటే ఒకసారి జరిగింది.

గెజిటీరు రాసిన కలెక్టరు

హార్న్‌బీ వెలార్డ్ కట్టి సముద్రపు పోటును ఆపాక బొంబాయి దీవుల మధ్య పల్లపు నేలలు ఆరాయి. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల మేస్త్రీలు, కూలీలు వచ్చి ఆ నేలల్లో గుడిసెలు వేసుకున్నారు. వాళ్లే కామాఠీలు, వాళ్ల పేటే కామాఠిపుర.  

ఆ తర్వాతి శతాబ్దంలో, గంజాయి వల్ల జనం పాడైపోతున్నారని, పిచ్చాసుపత్రులు నిండిపోతున్నాయని బ్రిటిష్ పార్లమెంటులో గోల లేచింది. దాంతో 1893లో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేశారు. ఏడుగురు సభ్యుల్లో ముగ్గురు భారతీయులు. వెయ్యిమందికి పైగా సాక్షుల్ని విచారించారు. ఈ కామాఠీల్లాగే ఎండలో బరువులు మోసే కూలీలు అలసట తీరడానికి దీన్ని పుచ్చుకుంటారని సాక్షులు చెబుతూ వచ్చారు. బొంబాయి నుంచి ఒక విచిత్రమైన నివేదిక చేరింది. రాసినవాడు జేమ్స్ మాక్‌నాబ్ క్యాంప్‌బెల్, బొంబాయి గెజిటీర్లు కూర్చిన పండితుడు. అప్పట్లో నగరంలో భూమిశిస్తు, కస్టమ్స్, నల్లమందు శాఖల కలెక్టరు. సుంకం వసూలు చేసే దొర గంజాయికి ఈ దేశపు భక్తితో ఉన్న చుట్టరికం మీద వ్యాసం రాసి పంపాడు. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదని, అతిగా వాడితేనే కీడని, పూర్తిగా నిషేధించడం తగదని 1894లో కమిషన్ తేల్చింది.

ఆ మితం ఎంతో మాత్రం కమిషన్ చెప్పలేకపోయింది. చెప్పడానికి అప్పటికి ఎవరి దగ్గరా కొలత లేదు.

కొలత లేకపోతే ఏమవుతుందో 1830ల చివర్లోనే కలకత్తాలో విలియం బ్రూక్ ఓషానెసీ అనే డాక్టరు చూశాడు. కీళ్లవాతం ఉన్న రోగులకు ఒక్కో గ్రెయిన్ గంజాయి బంక, అంటే 65 మిల్లీగ్రాములు ఇచ్చాడు. వాళ్లలో ఒకాయన గలగలా మాట్లాడి, పాటలు పాడి, అన్నం తెమ్మని కేకలేసి, రాత్రికల్లా కొయ్యబొమ్మలా బిగుసుకుపోయాడు. చెయ్యి ఎత్తి పెడితే ఎత్తినట్టే ఉండిపోయింది. తర్వాత తేరుకున్నాడు లెండి. చిలుం అలవాటున్న ఇంకో రోగికి ఏమీ కాలేదు. మోతాదు ఒకటే, ఒళ్లు వేరు. ధనుర్వాతంలో, పసిపిల్లల మూర్ఛల్లో ఉపశమనం కనిపించడంతో ఓషానెసీ రాసిన సంగతులు లండన్ చేరాయి. గంజాయి బంకను సారాయిలో కరిగించిన టింక్చరు మందుల షాపుల్లోకి ఎక్కింది. బొంబాయి రేవు నుంచి కూడా సరుకు లండన్ మందుల వర్తకులకు వెళ్లేది.

అయితే ఒక సీసా గంగానీళ్లలా ఉండేది, మరో సీసా మనిషిని పడగొట్టేది. విక్టోరియా రాణి వైద్యుల్లో ఒకరైన రసెల్ రేనాల్డ్స్ 1890లో ‘లాన్సెట్’ పత్రికలో రాస్తూ, బాగా కొద్ది మోతాదుతో మొదలుపెట్టమన్నాడు. ఒక మోతాదుకూ మరో మోతాదుకూ మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు ఆగమన్నాడు. మూడు నాలుగు రోజులకు ఒక్క చుక్క చొప్పున పెంచమన్నాడు. ఈరోజు ఏ మంచి డాక్టరు చెప్పినా దాదాపు ఇదే చెబుతారు. కానీ సీసా సీసాకూ మారే బలాన్ని ఆ జాగ్రత్త కూడా సరిదిద్దలేకపోయింది. 1932లో బ్రిటిష్ ఫార్మకోపియా ఈ మందును తీసేసింది. చట్టాల ఒత్తిడి ఉన్నా, కొలతకు దొరకని మందుగా మిగలడం కూడా దాని కొంప ముంచింది.

మొక్కంతా అంటే ఏమిటి?

కొలత దారి 1964లో తెరుచుకుంది. ఇజ్రాయెల్‌లో రఫేల్ మెషూలం, యెహీల్ గవోనీ కలిసి మత్తునిచ్చే పదార్థాన్ని విడదీసి చూపించారు. అదే టీహెచ్‌సీ. మత్తు ఇవ్వని సీబీడీ మరొకటి. ఇవి కాక వందకు పైగా చిన్నాచితకా కన్నాబినాయిడ్లు, వాసననిచ్చే టెర్పీన్లు మొక్కలో ఉంటాయి. ఇవన్నీ ఉన్న సారం మొక్కంతటి సారం. సీబీడీ ఒక్కదాన్నే శుద్ధిచేసి తీస్తే ఐసొలేట్. అన్నీ ఉంచి టీహెచ్‌సీని మాత్రం తీసేస్తే బ్రాడ్ స్పెక్ట్రమ్.

పచ్చి మొక్కలో టీహెచ్‌సీ చాలావరకు ఆమ్ల రూపంలో ఉంటుంది. అలా తింటే మత్తెక్కదు, వేడి తగిలితేనే మారుతుంది. గంజాయి ఆకును భంగుగా రుబ్బి పచ్చిగా తాగిన అనుభవంతో ‘ఇదెంతలే’ అనుకునేవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. సీసాలోని సారం వేడి చూసి, చిక్కబడి వచ్చిన సరుకు.

ఇవన్నీ కలిసి ఉంటేనే బాగా పనిచేస్తాయన్న మాట అమ్మకందార్లకు మంత్రం. మెషూలం బృందం 1998లో ఒంట్లో పుట్టే పదార్థాల గురించి చేసిన ఊహ అది. మొక్క విషయంలో మనుషుల మీద గట్టిగా రుజువైంది కొంచెమే. అలాగని మొక్కంతటి సారం పనికిరాదనీ కాదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల కండరాల బిగువుకు బ్రిటన్‌లో 2010లో అనుమతి పొందిన సాటివెక్స్ మొక్క సారమే. దాని గొప్పంతా, ఒక్కో స్ప్రేలో 2.7 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, 2.5 మిల్లీగ్రాముల సీబీడీ ప్రతిసారీ అంతే ఉండటంలో ఉంది. పిల్లల్లో మొండి మూర్ఛలకు అమెరికా 2018లో అనుమతించిన ఎపిడియోలెక్స్ మాత్రం శుద్ధ సీబీడీ.

నొప్పుల సంగతి ఇంత తేలిగ్గా తేలదు. పెద్దవాళ్ల దీర్ఘకాలిక నొప్పికి ఉపయోగముందనడానికి గట్టి ఆధారాలున్నాయని 2017లో అమెరికా జాతీయ అకాడమీలు అన్నాయి. నొప్పి మీద పరిశోధించే అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌పీ 2021లో అన్నిటినీ తిరగేసి, నొప్పికి వీటిని వాడమని చెప్పేంత ఆధారం లేదంది. నాకు అర్థమైనంతలో, కొందరికి కొంత ఉపశమనం ఉంటుంది. అరిగిన మోకాలు తిరిగి పుట్టదు.

చుక్క లెక్క

పెట్టె మీద ‘1000 మి.గ్రా.’ అని ఉందనుకోండి. సీసా పది మిల్లీలీటర్లు. అంటే మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. డ్రాపర్ సన్నదనాన్ని బట్టి మిల్లీలీటరుకు 20 నుంచి 30 చుక్కలు పడతాయి. చుక్కకు సుమారు మూడుంబావు నుంచి ఐదు మిల్లీగ్రాములన్నమాట. అందులో సగం టీహెచ్‌సీ అయితే చుక్కకు రెండు మిల్లీగ్రాముల అటూఇటూ.

ఎప్పుడూ వాడనివాళ్లకు డాక్టర్లు మొదలుపెట్టే టీహెచ్‌సీ మోతాదు 1 నుంచి 2.5 మిల్లీగ్రాములు. అంటే ఆ సీసాలో ఒక్క చుక్కే పూర్తి మోతాదు. దగ్గుమందు పోసుకున్న అలవాటుకొద్దీ డ్రాపర్ నిండా పీల్చి నోట్లో పిండుకుంటే 50 మిల్లీగ్రాములు, ఒకేసారి ఇరవై మంది మోతాదు. డెబ్బై ఏళ్ల మనిషికి గుండె దడదడలాడుతుంది, లేచి నిలబడితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, ‘నన్నెవరో పట్టుకుపోతున్నారు’ అన్న భయం పట్టుకుంటుంది. చాళ్లలో చాలాచోట్ల ఇప్పటికీ మరుగుదొడ్డి గ్యాలరీ చివరనే. అర్ధరాత్రి తూలుతూ అటు నడిస్తే విరిగేది తుంటి ఎముక.

ఇంకో మెలిక ఉంది. 1000 మిల్లీగ్రాములన్నది కొన్ని పెట్టెల మీద సారం బరువు. అందులో టీహెచ్‌సీ ఎంత, సీబీడీ ఎంత అన్నది విడిగా ఉండాలి. లేకపోతే బ్యాచ్ నంబరుతో సహా ల్యాబ్ రిపోర్టు అడగాలి. పురుగుమందులు, సీసం, పాదరసం లాంటి భారలోహాలు, ద్రావకాల మిగులు పరీక్షించారో లేదో అందులోనే ఉంటుంది. మందు తీయడానికి వాడిన ద్రావకం పూర్తిగా పోకపోతే రోగి దాన్నీ మింగుతాడు. రిపోర్టు ఇవ్వని అమ్మకందారుతో వాదన దండగ, ఫోన్ పెట్టేయడమే. ఇది అతి అనుమానం కాదు. అమెరికాలో ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తుల్ని పరీక్షిస్తే లేబుల్‌కు సరిపోయినవి 26. టీహెచ్‌సీ 18 వాటిలో కనిపించింది. ఆ ఫలితాలు 2017లో వైద్య పత్రిక ‘జామా’లో వచ్చాయి.

మోతాదు తర్వాత అసలు పరీక్ష ఓపికకు. పొగ పీలిస్తే నిమిషాల్లో తెలుస్తుంది. నూనె మింగితే అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది, కడుపు నిండా తిని ఉంటే ఇంకా ఆలస్యం. నాలుక కింద వేసుకున్నా చాలావరకు గొంతులోకే జారుతుంది. కాలేయంలో టీహెచ్‌సీ మరింత ఘాటైన రూపం దాలుస్తుంది. ఎక్కాక ఆరు, ఎనిమిది గంటలు దిగదు. ‘గంటైంది, ఏం కాలేదు, ఇంకో రెండు చుక్కలు వెయ్యి’ అన్న మాటతోనే ఎక్కువమంది క్యాజువాలిటీకి చేరతారు. రాత్రి పడుకునే ముందు, ఇంట్లో ఇంకో పెద్దవాళ్లు ఉండగా, ఒక్క చుక్క. రెండు మూడు రోజులు అదే. ఆ తర్వాతే పెంచే మాట. మందుకొట్టిన రోజున అసలొద్దు. మర్నాడు పొద్దున రిక్షానో టాక్సీనో తోలాల్సినవాళ్లు రాత్రి వేసుకోవద్దు.

నూట అరవై చదరపు అడుగుల్లో

1920లలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన బీడీడీ చాళ్లలో ఒక ఖోలీ 160 చదరపు అడుగులు. వంట, పడక, దేవుడు, పిల్లల చదువు అన్నీ అందులోనే. విదేశీ కరపత్రాల్లో ‘పిల్లలకు అందనిచోట, తాళం వేసిన అల్మారాలో పెట్టండి’ అని ఉంటుంది. ఈ గదిలో పిల్లలకు అందనిచోటు ఎక్కడ? దేవుడి అరలో, కొబ్బరి నూనె సీసాల పక్కనే ఇదీ చేరుతుంది. నువ్వుల నూనెలో కలిపిన సారమైతే వాసన కూడా అనుమానం రానివ్వదు. దానికో చిన్న ఇనుప పెట్టె, చిన్న తాళంకప్ప కొనండి. సీసా కన్నా చవక.

పెద్దవాళ్లు అతిగా వేసుకుంటే నరకం చూసినా చాలావరకు తేరుకుంటారు. పసిపిల్లల సంగతి వేరు. నిద్రలోకి జారి, పిలిచినా పలకక, ఊపిరి నెమ్మదించే ప్రమాదముంది. వాంతి చేయించొద్దు, మజ్జిగ, నిమ్మరసం అంటూ కాలయాపన వద్దు. సీసాతో సహా కేఈఎం ఆస్పత్రికో నాయర్ ఆస్పత్రికో పరుగెత్తండి. డాక్టరుతో అబద్ధం చెప్పొద్దు. ‘ఏదో తిన్నాడు’ అంటే మెదడువాపేమోనని సూదులు గుచ్చుతూ కూర్చుంటారు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117 రాత్రీపగలూ పలుకుతుంది.

ఇలాంటి గదిలో సొంతంగా నూనె తీసే ప్రయోగాల గురించి ఒక్క మాట. గ్యాసుపొయ్యి పక్కన సారాయో బ్యూటేనో పెట్టుకున్నవాడు తన ఖోలీనే కాదు, అంతస్తు మొత్తాన్నీ తగలబెట్టగలడు.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, కుర్రకారుకు, గుండెజబ్బున్నవాళ్లకు, తమకో దగ్గరి రక్తసంబంధీకులకో స్కిజోఫ్రెనియా లాంటి మానసిక జబ్బున్నవాళ్లకు టీహెచ్‌సీ ఉన్న ఏ సారమూ వద్దు. మిగతావాళ్లు తమ మాత్రల డబ్బా తెరిచి చూసుకోవాలి. రక్తం పలచబడే వార్‌ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మూర్ఛ మాత్ర వాల్‌ప్రోయేట్‌తో సీబీడీ కలిస్తే కాలేయానికి దెబ్బ. నిద్రమాత్రలతో కలిస్తే మగత రెట్టింపు. ముంబయి ఇరుకు గదుల్లో టీబీ కొత్త కాదు కాబట్టి ఇదీ చెప్పాలి. టీబీ మందు రిఫాంపిసిన్ ఒంట్లో ఈ సారాన్ని త్వరగా ఖర్చు చేసేస్తుంది. ‘పనిచేయట్లేదు’ అని రోగి చుక్కలు పెంచుకుంటూ పోతాడు. కోర్సు అయిపోయి ఆ మాత్ర ఆగాక అవే చుక్కలు విరుచుకుపడతాయి. కొన్ని హెచ్‌ఐవీ మాత్రలు దీనికి తలకిందులు, సారం బలాన్ని పెంచుతాయి. ఆ మాత్రలిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలోని డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు.

ఆకుకో న్యాయం, పువ్వుకో న్యాయం

మత్తుమందులపై తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయిని నిర్వచించినప్పుడు పూతను, కాయ ఉన్న కొసలను పట్టుకుంది, బంకను పట్టుకుంది. పూత లేని ఆకును, గింజను వదిలేసింది. ఆ సందులోంచే ఆకు సారంతో చేసిన ‘విజయ’ మందులు ఆయుర్వేద లైసెన్సుతో మార్కెట్లోకి వచ్చాయి. మన పెద్దలు ఎరిగిన మదనకామేశ్వరీ లేహ్యంలో ఉన్నదీ ఆ ఆకే. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లోని షెడ్యూల్ ఇ(1) భంగును విషద్రవ్యాల జాబితాలో చేర్చింది. వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఇంగ్లీషులోనూ హిందీలోనూ పెట్టె మీద ఉండి తీరాలి. ‘ఆయుర్వేదమే కదా’ అనేవాళ్లు ఆ హెచ్చరిక చదవాలి, ఆయుర్వేదం దీన్ని విషాల వరసలోనే పెట్టి, శుద్ధి చేశాకే వాడింది. మహారాష్ట్రలో ఇంకో ముడి కూడా ఉంది. 1949 నాటి మద్యనిషేధ చట్టం కింద ఇక్కడ భంగు కూడా మత్తుపదార్థమే. అందువల్ల లైసెన్సు నంబరున్న సీసా, డాక్టరు రాసిన చీటీ, బిల్లు మూడూ ఒకచోటే ఉండాలి.

పూతలోంచి తీసిన నూనె ఏ పేరుతో వచ్చినా నేరమే. హైదరాబాదులో తరచూ పట్టుబడే హాష్ ఆయిల్ ఆ బాపతు. ఆంధ్రలో పోలీసులు పట్టుకున్న రెండు లక్షల కిలోల గంజాయిని 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో కాల్చారు, అయినా సరఫరా ఆగలేదు. చరస్, గంజాయి సారాలకు చట్టంలో ‘కొద్ది పరిమాణం’ వంద గ్రాములు, ‘వ్యాపార పరిమాణం’ కిలో. కిలో అంటే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల జైలు. నువ్వుల నూనెలో కలిపితే? కలిపిన పదార్థం బరువునూ లెక్కలోకి తీసుకోవాలని 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరో ‘ఇంట్లో చేసింది, అచ్చమైనది’ అని పావులీటరు ఇస్తే, అందులో సారం చెంచాడే ఉన్నా తూకానికి నూనె కూడా ఎక్కుతుంది.

గల్ఫ్‌కు వెళ్తూ ముంబయిలో విమానమెక్కే జగిత్యాల, సిరిసిల్ల అన్నలకు గసగసాల సంగతి తెలుసు. మసాలా పొట్లంలో అవి దొరికితేనే అక్కడ పోలీసులు పట్టుకుంటారు. నడుంనొప్పికని ఈ సీసాను సూట్‌కేసులో పెట్టుకోవద్దు, మన డాక్టరు చీటీ దుబాయ్‌లో చెల్లదు.

దుకాణాల్లో దొరికే గంజాయి జాతి హెంప్ గింజల నూనె, పిండి మాత్రం వేరే సంగతి. 2021లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాటిని ఆహారంగా ఒప్పుకుంది, నూనెలో కిలోకు పది మిల్లీగ్రాములకు మించి టీహెచ్‌సీ ఉండరాదంది. కూరలో వేసుకోవచ్చు, నొప్పికి పనికిరాదు. దాన్నే ఆకు బొమ్మ వేసి మందు ధరకు అంటగట్టేవాళ్లున్నారు.

క్యాన్సర్ ఇంట్లో

‘ఈ నూనె మూడు నెలలు తాగితే గడ్డ కరిగిపోతుంది’ అన్న వీడియో వాట్సాప్‌లో రాని క్యాన్సర్ కుటుంబం లేదు. గాజు పళ్లెంలో క్యాన్సర్ కణాలు, ఎలుకల్లో కణుతులు తగ్గిన మాట నిజం. మనుషుల్లో అలా నయమైందని రుజువు లేదు. కీమో వాంతులకు టీహెచ్‌సీ మాత్రలు అమెరికాలో 1985 నుంచే ఉన్నాయి. ఇప్పుడు వాంతులు ఆపడానికి అంతకన్నా మంచివి టాటా ఆస్పత్రి ఫార్మసీలోనే దొరుకుతాయి. నూనె మీద ఆశతో కీమో వాయిదా వేయడం కన్నా పెద్ద ప్రమాదం ఈ సీసాలో ఇంకోటి లేదు.

నొప్పి భరించలేక నూనె వెతుకుతున్నామంటే మాత్రం వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఎన్నో పరీక్షలకు నిలిచిన నొప్పిమందు మార్ఫిన్. పోలీసు భయంతో ఎన్నో ఏళ్లు ఆస్పత్రులే దాన్ని దాచుకుని కూర్చున్నాయి. 2014లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించి మార్ఫిన్ సహా అత్యావశ్యక మత్తుమందుల అనుమతుల గొడవ తగ్గించారు. టాటాలో నొప్పి, ఉపశమన వైద్యానికి ప్రత్యేక విభాగముంది. మార్ఫిన్ పేరు వింటే ‘ఇక ఆఖరి రోజులా’ అని మనవాళ్లు జడుసుకుంటారు. నెలల తరబడి ఆ మాత్రతో పనికి వెళ్లేవాళ్లున్నారు. అదే మనవాళ్లు, బలమెంతో తెలియని నూనెను ‘చెట్టు మందు’ అని నిర్భయంగా తాగేస్తారు.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఓపీలో డాక్టరు దగ్గర దాచకండి. మత్తు విషయం కదా, తిడతారేమో అని భార్య సైగ చేయడం, భర్త నోరు మూసుకోవడం మామూలే. తిట్టినా తిట్టనీ. ఏ రాత్రి ఏ గంటకు ఎన్ని చుక్కలు, పొద్దున ఎలా ఉంది అన్నది వారంరోజులు తెలుగులోనైనా ఒక కాగితం మీద రాసి, సీసా, ల్యాబ్ రిపోర్టు, మిగతా మాత్రల చీటీలతో కలిపి సంచిలో వేసుకుని వెళ్లండి. ఆపరేషన్‌కు ముందు మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ కాగితం తప్పనిసరిగా చూపించాలి, ఆయన ఇచ్చే మోతాదు దాన్ని బట్టే మారుతుంది.